గ్రిడ్ చదవడం నేర్చుకుందాం - 4: చలికి టెక్సాస్ ఎందుకు చీకటైంది

పోయిన పాఠంలో అడిగిన ప్రశ్నకు చాలామంది ఒకే చోట కాలు జారారు. 2021 ఫిబ్రవరి చలిలో అమెరికాలోని టెక్సాస్‌లో కరెంటు ఫ్రీక్వెన్సీ ఎందుకు పడిందంటే "లైన్ చివరి ఊళ్లకు కరెంటు అందక" అని రాశారు. అది లో-వోల్టేజ్ సంగతి. రెండిటినీ విడదీసి చెప్పకుండా నేను ముందుకెళ్లిపోయాను, అందుకే ఈసారి ముందు ఆ ముడి విప్పుదాం.

వోల్టేజ్ ఊరి సంగతి. ఒడిశాలో పొట్టంగి వైపు కొండ మీద ఊళ్లో సాయంత్రం 170 వోల్టులకు పడిపోయి ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే, అదే సమయానికి జయపురం బజారులో 230 ఉండొచ్చు. ఫ్రీక్వెన్సీ మాత్రం రెండుచోట్లా ఒకటే. నూర్పుల్లో బంతి కట్టిన ఎడ్లు చూశారు కదా, అన్నీ ఒకే నడకలో తిరగాలి, ఒకటి కూలబడితే మిగతావాటి నడకా తగ్గుతుంది. గ్రిడ్‌లో, అంటే ప్లాంట్లనూ ఊళ్లనూ కలిపే లైన్ల వలలో, జనరేటర్లన్నీ అలాగే, ఆ నడకే ఫ్రీక్వెన్సీ, దాని కొలత హెర్ట్జ్. మనకు 50, అమెరికాలో 60. వాడకం ఉత్పత్తిని మించితే నడక తగ్గుతుంది, అంతే. నేనైతే ఏ గ్రిడ్ గురించి చదివినా ముందు హెర్ట్జే చూస్తాను, వోల్టేజ్ జోలికి తర్వాతే వెళ్తాను.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లకు మన దగ్గరి ఉదాహరణే ఉంది. 2013 చివరిదాకా జయపురం తూర్పు గ్రిడ్, గాజువాక దక్షిణ గ్రిడ్, అంటే రెండు వేరు బంతులు. నడక కలవదు కాబట్టి గాజువాకలో ఏసీని నడకే లేని డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి అటూ ఇటూ పంపేవాళ్లు. చంద్రపూర్ జిల్లా భద్రావతిలో పడమటి గ్రిడ్‌కూ దక్షిణానికీ మధ్య అదే పద్ధతి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైన్ కలిశాక దేశమంతా ఒకే నడక అయింది. విడిగా ఉండటం 2012 జులైలో దక్షిణాన్ని కాపాడింది కూడా, ఉత్తరం, తూర్పు గ్రిడ్లు కూలి చీకటైనా అది పడలేదు. కాబట్టి టెక్సాస్ లాంటి "ఒంటరి గ్రిడ్ ఎప్పుడూ చెడ్డదే" అని కొందరు రాసిన జవాబుకు నేను పూర్తి మార్కులు వేయను.

ఇప్పుడు టెక్సాస్. ఎర్కాట్ అనే సంస్థ నడిపే ఆ విడి గ్రిడ్‌కు పక్క గ్రిడ్లతో ఉన్న డీసీ దారులు అన్నీ కలిపి 1,200 మెగావాట్ల పైచిలుకు. 2021 ఫిబ్రవరి చలిలో కోత పెట్టాల్సి వచ్చింది 20,000 మెగావాట్ల దాకా. ఇరవై బస్తాల బియ్యం తక్కువైన పెళ్లికి పక్కింటి నుంచి ఒక్క బస్తా తెచ్చుకున్నట్టు. ఆ పక్కింట్లోనూ అదే చలి, అక్కడా కోతలే.

గాలిమరలు గడ్డకట్టడమే కారణమని రాసినవాళ్లు మళ్లీ చూడండి. మరలూ ఆగాయి, కానీ అన్నిటికన్నా పెద్ద దెబ్బ గ్యాస్ ప్లాంట్లది. బావుల దగ్గరే నీరు గడ్డకట్టి గ్యాస్ రావడం తగ్గింది. మనం చలికి నెగడు వేసుకుంటాం, అక్కడ చాలా ఇళ్లకు కరెంటు హీటరే దిక్కు, అందుకని వాడకం పెరిగింది. ఇక అసలు ఘోరం, కోతల్లో గ్యాస్‌ను శుద్ధి చేసే కేంద్రాలకూ కరెంటు తీసేశారు. గ్యాస్ లేక కరెంటు తగ్గింది, కరెంటు లేక గ్యాస్ ఇంకా తగ్గింది. 2011 చలిలోనే ఇలాంటి దెబ్బ తగిలింది, యంత్రాలకు చలి రక్షణ పెట్టమని నివేదికలు చెప్పాయి, చాలామంది పెట్టలేదు.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ఫ్రీక్వెన్సీ 60 నుంచి 59.3 హెర్ట్జ్‌కి పడి, 59.4 కింద 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. అలా 9 నిమిషాలు ఉంటే మిగిలిన ప్లాంట్లూ తమను తాము కాపాడుకోవడానికి విడిపోయేవి. ఆపరేటర్లు ఇళ్లకు కరెంటు తీసి ఆ పతనాన్ని ఆపారు. కానీ మిగిలిన లైన్ల మీద ఆసుపత్రులు, అత్యవసర సేవలు ఉండటంతో కోతను వంతులవారీగా తిప్పడానికి చోటే లేకపోయింది. అందుకే కొన్ని ఇళ్లు రోజుల తరబడి చలిలోనే ఉండిపోయాయి. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు.

అభ్యాసం: ప్లగ్‌లో పెట్టే మీటరు ఒకటి మీ దగ్గర, ఒకటి కనీసం 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్నేహితుడి దగ్గర ఉంచండి. ఏడు రోజులు రాత్రి 7:30కి వోల్టేజ్, హెర్ట్జ్ రెండూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకే క్షణంలో రాయండి. హెర్ట్జ్ కలవకపోతే మీటరును తిట్టేముందు ఇద్దరూ నిజంగా ఒకే క్షణంలో చూశారా అన్నది సరిచూడండి.