ఒకే సెట్‌టాప్ బాక్సు, రెండు గదుల్లో టీవీలు: బొమ్మ ఎక్కడ ఆగిపోతోంది?

హైదరాబాదు మల్కాజిగిరిలోని మా ఇంట్లో సెట్‌టాప్ బాక్సు హాల్లో ఉంది. మోకాళ్ల నొప్పులు పెరిగాక అమ్మ సాయంత్రాలు వెనక గదిలోనే గడుపుతోంది. "హాల్లో వస్తున్నదే నాకూ కనిపిస్తే చాలురా, వేరే ఏమీ వద్దు" అంది. ఆ ఒక్క కోరిక తీర్చడానికి నాకు మూడు ఆదివారాలు పట్టాయి. అప్పుడు ఎదురైన చిక్కులు, తర్వాత బంధువుల ఇళ్లలో సరిచేసిన చిక్కులు కలిపి రాస్తున్నాను.

వైరు కొనేముందు ఇంట్లో ఒక్క ప్రశ్న అడగండి: రెండు గదుల వాళ్లూ ఒకే ఛానెల్ చూస్తే సరిపోతుందా? బాక్సు ఒక సమయంలో ఒక్క ఛానెల్‌నే విప్పి చూపిస్తుంది. హాల్లో క్రికెట్ పెడితే వెనక గదిలోనూ క్రికెట్టే. అక్కడ సీరియల్, ఇక్కడ వార్తలు కావాలంటే ఈ పనంతా వృథా. రెండో బాక్సు తీసుకోవలసిందే. ఒకే ఇంట్లో రెండో టీవీకి నెట్‌వర్క్ రుసుము (ఛానెళ్ల ధర కాక విడిగా తీసుకునేది) మొదటిదానిలో 40 శాతం మించకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో హద్దు పెట్టింది. 2024లో ఈ రుసుములను కంపెనీలకే వదిలేసింది. అందువల్ల మీ కంపెనీ ఎంత తీసుకుంటుందో ముందే అడగండి. డీడీ ఫ్రీ డిష్ వాళ్లకు నెలవారీ చందా లేదు గనుక వాళ్లకు రెండో బాక్సే తేలికైన దారి.

రెండో టీవీలో ఏమీ రావడం లేదు, "సిగ్నల్ లేదు" అని పడుతోంది

డిష్ నుంచి వచ్చే వైరునే స్ప్లిటర్‌తో చీల్చి, ఒక కొస బాక్సుకు, ఇంకో కొస నేరుగా టీవీకి పెట్టి ఉంటారు. చాలా ఇళ్లలో కారణం ఇదే. డిష్ వైరులో వచ్చేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే ఉపగ్రహ సంకేతం. మామూలు టీవీ యాంటెన్నా రంధ్రానికి అది అర్థం కాదు. కొన్ని కొత్త టీవీల్లో ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉంటుంది, కానీ వాటిలోనూ ఉచిత ఛానెళ్లే వస్తాయి. చందా ఛానెళ్లు తాళం వేసి పంపినవి, వాటి తాళంచెవి బాక్సులోనే ఉంది. కాబట్టి రెండో టీవీకి వెళ్లే వైరు ఎప్పుడూ బాక్సు తర్వాతే మొదలవ్వాలి.

రెండు బాక్సులు పెట్టి, ఒకే డిష్ వైరును మామూలు స్ప్లిటర్‌తో చీల్చిన ఇళ్లలో వింత తేడా కనిపిస్తుంది: ఒక గదిలో ఛానెల్ మారిస్తే రెండో గదిలో బొమ్మ పోతుంది. బాక్సు అదే వైరు గుండా ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు కొమ్మకు ఉండే, సంకేతం పట్టే పెట్టెకు) 13 లేదా 18 వోల్టులు పంపి, నిలువు తరంగం కావాలో అడ్డం తరంగం కావాలో చెబుతుంది. ఇద్దరు రెండు మాటలు చెబితే అది ఒక్కరి మాటే వింటుంది. రెండు అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీ బిగించి, ఒక్కో బాక్సుకు విడిగా వైరు లాగండి. దీనికి తేలికైన మందు ఇదే.

బాక్సు వెనక సరైన రంధ్రమే కనిపించడం లేదు

పాత బాక్సుల్లో యాంటెన్నా వైరు పట్టే ఆర్‌ఎఫ్ అవుట్ ఉండేది. ఇప్పటి హెచ్‌డీ బాక్సుల్లో సాధారణంగా హెచ్‌డీఎంఐ, ఏవీ (పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు పట్టేది) మాత్రమే ఉంటాయి. హాల్ టీవీకి హెచ్‌డీఎంఐ వాడుకుని, ఏవీ అవుట్‌ను, దాన్ని టీవీ యాంటెన్నా రంధ్రానికి అర్థమయ్యే సంకేతంగా మార్చే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న పెట్టెకు ఇచ్చి, అక్కడి నుంచి కేబుల్ వైరుతో వెనక గదికి పంపడం నేను ఎంచుకున్న దారి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే మాడ్యులేటర్, వైరు కొసలకు బిగించే ఎఫ్ కనెక్టర్లు, వైరు ఒకేచోట దొరుకుతాయి. కొనేముందు చిన్న ఏవీ వైరుతో మీ బాక్సును హాల్ టీవీకే కలిపి చూడండి. కొన్ని బాక్సులు రెండు అవుట్‌పుట్‌లూ ఒకేసారి ఇవ్వవు.

ఏవీ అవుట్ గుండ్రటి హెడ్‌ఫోన్ రంధ్రంలా ఉంటే ఇంకో జాగ్రత్త. దానికి పెట్టే వైరులో పసుపు, ఎరుపు, తెలుపు కొసల వరుస కంపెనీని బట్టి మారుతుంది. పసుపు కొసలో బొమ్మ రాకుండా, స్పీకర్లలో బర్రుమనే మోత వస్తే బాక్సు చెడిందనుకోకండి. మూడు కొసలూ ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూడండి.

బొమ్మ వస్తోంది, కానీ ఇసుక చల్లినట్టు చుక్కలు

నా మూడు ఆదివారాల్లో రెండు ఇక్కడే పోయాయి. గోడలో ఎప్పటిదో పాత కేబుల్ టీవీ వైరు ఉంది. కొత్తది లాగడం ఎందుకని దానినే వాడాను. అమ్మ గదిలో మనుషుల ఆకారాలు కనిపించాయి, ముఖాలు కనిపించలేదు.

కనెక్టర్ విప్పి బ్లేడుతో వైరు ఒలిచాను. లోపల తెల్లటి నురుగు పొర, దాని చుట్టూ వెండి రేకు, రేకు మీద అల్లిన సన్నని తీగలు, మధ్యలో గట్టి తీగ. ఆ అల్లిక తీగల్లో ఒకటి, వెంట్రుక అంత సన్ననిది, వంగి మధ్య తీగను తాకుతోంది. అది చాలు సంకేతం సగం చావడానికి. దాన్ని కత్తిరించి కనెక్టర్ మళ్లీ బిగిస్తే కొంత మెరుగైంది, పూర్తిగా కాలేదు. రెండో కొస డాబా మీదుగా పోతోంది. అక్కడ ఒలిస్తే అల్లిక నల్లబడి, చేత్తో నలిపితే పొడిగా రాలింది. ఎన్ని వానాకాలాల నీళ్లు దిగాయో తెలియదు. ఆ వైరును వదిలేసి, కొత్త ఆర్‌జీ-6 రకం కేబుల్ వైరును ఇంటి లోపలి నుంచే, తలుపు చట్రం వెంబడి లాగాను. ముఖాలు కనిపించాయి.

మీరూ ఈ వరుసలోనే వెళ్లండి. ముందు రెండో టీవీని మోసుకొచ్చి మాడ్యులేటర్ పక్కనే పెట్టి, అరగజం వైరుతో కలపండి. అక్కడ బొమ్మ శుభ్రంగా ఉంటే లోపం వైరు దారిలో ఉన్నట్టు. అప్పుడు కనెక్టర్లు, తర్వాత స్ప్లిటర్లు, చివరికి వైరు చూడండి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటి పెడితేనే దాదాపు 3.5 డెసిబెల్స్ పోతాయి, అంటే బలం సగానికి పైగా తగ్గినట్టే. పాత కేబుల్ రోజుల స్ప్లిటర్ గోడ పెట్టెలో మరిచిపోయి ఉంటే తీసేయండి.

మాడ్యులేటర్ పక్కన పెట్టినా బొమ్మ బాగోలేకపోతే, అల్లిక డిజైనులా వంకర గీతలు పడుతుంటే, మాడ్యులేటర్ ఛానెల్ నంబరు మార్చి టీవీలో మళ్లీ అనలాగ్ వెతుకులాట నడపండి. బొమ్మ బాగుండి శబ్దం బుసకొడుతుంటే మాడ్యులేటర్‌లో టీవీ ప్రసార పద్ధతి పాల్ బీ/జీ మీద ఉందో లేదో చూడండి. మన టీవీలకు సరిపోయేది అదే.

అడ్డంగా మందపాటి పట్టీ నెమ్మదిగా పైకి పాకుతోంది

రెండు గదుల కరెంటు ఎర్తింగ్‌లో తేడా ఉండి, కేబుల్ వైరు వాటిని కలిపినప్పుడు ఇలా జరుగుతుంది. పరీక్షకు రెండో టీవీని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో బాక్సు ఉన్న ప్లగ్గు నుంచే నడిపించండి. పట్టీ మాయమైతే కారణం తేలినట్టే. కేబుల్ దారిలో ఆ ఎర్తింగ్ తేడాను అడ్డుకునే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టించండి. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. కనెక్టర్లు ముట్టుకునేముందు రెండు టీవీల స్విచ్చులూ, బాక్సు స్విచ్చూ తీసేయండి. చురుక్కుమనే ఆ చిన్న షాకు తగిలి స్టూలు మీద నుంచి పడితే దెబ్బ పెద్దదవుతుంది.

హెచ్‌డీఎంఐతో పంచితే నల్ల తెర

రెండు టీవీల్లోనూ హెచ్‌డీ కావాలనుకునేవారికి హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఉంది. దుకాణంలో ఒక్కోసారి పొరపాటున హెచ్‌డీఎంఐ స్విచ్ ఇస్తారు. అది రెండు పెట్టెలను ఒక టీవీకి కలిపేది, మనకు కావలసింది దానికి తిరగబడినది. స్ప్లిటర్ అడాప్టరు పెట్టకపోయినా తెర నల్లగానే ఉంటుంది. ఒక టీవీ పాతదైతే స్ప్లిటర్ రెండింటికీ తక్కువ నాణ్యతను ఎంచుకోవచ్చు. బాక్సు సెట్టింగుల్లో రెండూ ఒప్పుకునే రిజల్యూషన్ పెట్టండి. తెర మీద మెరుపు చుక్కలు, మధ్యమధ్య బొమ్మ పోవడం వైరు పొడవు వల్ల. మామూలు హెచ్‌డీఎంఐ వైరును పది మీటర్లు దాటించకండి. అంతకు మించితే క్యాట్-6 వైరు (ఇంటర్నెట్‌కు వాడేది) మీద పనిచేసే ఎక్స్‌టెండర్ జత వాడండి. మామూలు రకాలను రౌటర్‌లో పెట్టకూడదు, రెండు పెట్టెల మధ్య నేరుగా కలపాలి.

బొమ్మ ఉంది, ఛానెల్ మార్చాలంటే హాల్లోకి నడవాలి

మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఇదే అసలు సమస్య. రిమోట్ వెలుతురు గోడ దాటదు. అమ్మ గదిలో ఒక చిన్న కన్ను పెట్టి, అది పట్టిన సంకేతాన్ని హాల్లోని బాక్సు ముందు మళ్లీ వెలిగించే రిమోట్ ఎక్స్‌టెండర్ కొనాలి. వైరుతో నడిచేవీ, రేడియోతో నడిచేవీ ఉన్నాయి. అది పనిచేయకపోతే ఫోను కెమెరా తెరిచి, బాక్సు ముందు పెట్టిన ఎక్స్‌టెండర్ చిన్న బల్బు వైపు పెట్టి, ఎవరినైనా లోపల రిమోట్ నొక్కమనండి. తెర మీద ఊదారంగు మెరుపు కనిపిస్తే సంకేతం హాలు దాకా వస్తోంది, బల్బును బాక్సు కన్నుకు సరిగ్గా ఎదురుగా అతికించండి. కనిపించకపోతే ఫోను సెల్ఫీ కెమెరాతో కూడా చూడండి, దానిలోనూ కనిపించకపోతేనే లోపం దారిలో ఉందని నిర్ణయించండి. లోపలి కన్ను మీద కిటికీ ఎండ పడుతున్నా మొరాయిస్తుంది.

రెండు టీవీల్లోనూ ఒకేసారి పోతోంది

ఇది పంపకం తప్పు కాదు, డిష్ వైపు చూడండి. జోరు వానలో పోయి, వాన తగ్గగానే వస్తే ఏమీ చేయనక్కర్లేదు. మార్చి మొదటి రెండు వారాల్లోనూ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటి వారాల వరకూ, పగలు కొన్ని నిమిషాలపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కు వస్తాడు. అప్పుడూ అంతే. రోజంతా పోతే డిష్ ముందు ఏమి లేచిందో చూడండి. ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది, హైదరాబాదు నుంచి అది ఆగ్నేయం వైపు ఆకాశంలో బాగా ఎత్తుగా ఉంటుంది. పక్క డాబా మీద కొత్తగా పెట్టిన నీళ్ల ట్యాంకు, పెరిగిన కొబ్బరి మట్ట చాలు అడ్డుపడటానికి.

అంతా కుదిరాక ప్రతి వైరుకూ రెండు కొసల్లో టేపు అతికించి "డిష్", "హాల్", "అమ్మ గది" అని రాసి పెట్టండి. మా ఇంట్లో రంగులు వేసినవారు అన్నీ ఊడదీసి మళ్లీ పెట్టారు. ఆ టేపులు ఉన్నాయి గనుక ఆ సాయంత్రం అమ్మ సీరియల్ ఆగలేదు.