బజ్జీ బండికి రేడియం స్టిక్కర్: ఇంక్‌స్కేప్‌లో పాత్ గీసేది ఎట్ల

కర్నూల్లో మా వీధి చివర ఉగ్గాని బజ్జి బండి ఉండాది. ఆ అన్న ఒకరోజు "పేరు, పక్కన ఒక మిరపకాయ బొమ్మ, అద్దానికి రేడియం అతికిచ్చాల, చేసియ్యి తమ్ముడూ" అన్నాడు. నేను నెట్‌లో దొరికిన మిరపకాయ జేపీజీ తీస్కపోయి కటింగ్ షాపులో ఇస్తే ఆయన నవ్వినాడు. కటింగ్ మిషన్‌కి రంగులతో పని లేదు, బ్లేడు ఏ దోవన పోవాలో చెప్పే గీత కావాల. ఆ గీతే పాత్.

ఇంక్‌స్కేప్ అంటే ఇట్లాంటి గీతల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, ఫ్రీనే, ఇన్‌స్టాల్ చేస్కోండి. మిరపకాయ ఫొటో లోపలికి లాగి, ఆ లేయర్‌ని (పొరని) లాక్ చేసి, పైన ఇంకో లేయర్ తీస్కోండి. బీ నొక్కితే పెన్ వస్తాది. ఉత్తగా క్లిక్ చేస్తే తిన్నగా గీత, క్లిక్ చేసి వదలకుండా లాగితే వంపు. ఈ వంపుల్ని బెజియర్ కర్వ్‌లు అంటారు, 1960ల్లో రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియర్ కారు బాడీలు గీసేదానికి వాడినవి, మనం మిరపకాయకి వాడుతున్నాం.

కొత్తలో అందరం చేసే తప్పు ఒకటే, అంచు ఎంబడి టకటకా నలభై పాయింట్లు కొట్టేస్తాం, తీరా చూస్తే కాయ గతుకుల రోడ్డు మాదిరి ఉంటాది. ఆరేడు చాలు. తొడిమ కాడ రెండు, పొట్ట బాగా ఉబ్బిన చోట అటొకటి ఇటొకటి, మెడ తిరిగే కాడ ఒకటి, కొసన ఒకటి. మొదటి పాయింట్ మీదే మళ్లీ క్లిక్ చేస్తే పాత్ మూసుకుంటాది. ఈ పాయింట్లనే నోడ్లు అంటారు. తర్వాత ఎన్ నొక్కి నోడ్ టూల్‌తో హ్యాండిల్స్ (నోడ్ పక్కన పుల్లల మాదిరి వచ్చేవి) లాగి సర్దుకోండి. కొస సూదిగా కావాలంటే ఆ నోడ్ పట్టుకొని షిఫ్ట్ సి, నున్నగా కావాలంటే షిఫ్ట్ ఎస్. ట్రేస్ బిట్‌మ్యాప్ అని ఆటోమేటిక్ ఆప్షన్ ఉండాది గానీ ఫొటో మీద వాడితే వందల నోడ్లు పడతాయి, అవి సర్దే టైముకు చేత్తో రెండు కాయలు గీయొచ్చు.

కాయ మీద మెరుపు కావాలంటే సన్నగా ఇంకో షేప్ గీసి పైన పెట్టి, రెండూ సెలెక్ట్ చేసి కంట్రోల్ మైనస్ కొట్టండి, పైది కింద దాన్ని కోసి పారేస్తాది.

ఇంక తెలుగు అక్షరాలు, అసలు తలనొప్పి ఈడే. "ఉగ్గాని బజ్జి" టైప్ చేసి కంట్రోల్ షిఫ్ట్ సి కొడితే టెక్స్ట్ కాస్తా పాత్ అయితాది, షాపులో ఆ ఫాంట్ లేకపోయినా భయం లేదు (స్పెల్లింగ్ ముందే చూస్కోండి, తర్వాత మార్చలేరు). కానీ శానా ఫాంట్లలో ఒత్తు, గుడి అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద అంతా నల్లగా కలిసిపోయి బాగానే కనిపిస్తాది, బ్లేడు మాత్రం రెండు గీతలూ కోస్తాది, జ కాడికొచ్చేసరికి ముక్కలు ముక్కలు. అందుకే అన్‌గ్రూప్ చేసి, మొత్తం సెలెక్ట్ చేసి, కంట్రోల్ ప్లస్ కొట్టి యూనియన్ చేయాల, అంటే ఒకదాని మీద ఒకటి ఎక్కినవి కలిసి ఒకటే ఆకారం అయితాయి. అయిందో లేదో వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్‌ని అవుట్‌లైన్‌కి మార్చి చూడండి, గీత మీద గీత దాటకూడదు.

ఇంకోటి, స్ట్రోక్ (అంటే గీత) లావుగా పెట్టి గీసింటే మిషను ఆ లావు చూడదు, మధ్య గీత ఒక్కటే కోస్తాది. దానికి పాత్ మెనూలో స్ట్రోక్ టు పాత్ కొట్టండి.

పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఇచ్చేయండి. అక్షరాలు మరీ చిన్నగా పెట్టొద్దు, చుట్టూ ఉన్న వేస్ట్ పీకేటప్పుడు ఒత్తులు కూడా లేచి వచ్చేస్తాయి. మా అన్న బండికి గ ఒత్తు అట్లనే పోయింది, ఇప్పుడు అద్దం మీద "ఉగాని బజ్జి" అని ఉండాది, ఆయనకేం బాధ లేదు, బజ్జీలు మాత్రం తొమ్మిదికే అయిపోతాయి.