స్కీ లెసన్లు తీసుకున్నా భయం పోవట్లేదా? టీచర్ని మార్చే ముందు ఇవి చూడండి

మంచు పడటం మొదలైతే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఎవరైనా మంచి ఇన్‌స్ట్రక్టర్ ఉంటే చెప్పు, పోయినేడాది లెసన్లకి పెట్టిన డబ్బంతా దండగైంది" అని. సియాటిల్ పక్క కొండల్లో వారాంతాలు స్కీ పాఠాలు చెప్తూ ఎనిమిది చలికాలాలు గడిపాను. ఫోన్ చేసేవాళ్లంతా దాదాపు ఒకే రకం. ముప్పై అయిదో నలభయ్యో దాటాక స్కీలు కట్టారు. గ్రీన్ (తేలిక వాలు) హాయిగా దిగుతారు. బ్లూ (మధ్యరకం వాలు) కూడా దిగుతారు గానీ, కిందికి చేరేదాకా ప్రాణాలు అరచేతిలోనే. లిఫ్ట్ ఎక్కడం, ఆగడం, తిరగడం వచ్చినవాళ్ల కోసమే ఇది.

సమస్య: గ్రూప్ లెసన్లో అందరూ నా కోసం ఆగాల్సి వస్తోంది

స్కీ స్కూల్ కౌంటర్ దగ్గర మీ స్థాయి ఏమని చెప్పారు? "ఇంటర్మీడియట్" అన్నారు, అంతేగా? ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసే మొదటి చెక్ ఇదే. వాలు ఎంత కష్టమో చెప్పే ఈ గ్రీన్, బ్లూ రంగులకి అన్ని కొండలకీ కలిపి ఒక కొలత అంటూ లేదు. ఏ కొండ రంగులు ఆ కొండవే, అక్కడున్న మిగతా రన్లతో (దిగే దారులతో) పోల్చి పెట్టుకున్నవి. సియాటిల్ దగ్గరి స్నోక్వాల్మీలో సమ్మిట్ వెస్ట్ అనే కొండ మీద బ్లూ దిగినవాళ్లు, రోడ్డవతలి అల్పెంటల్ కొండ కూడా అలాగే ఉంటుందనుకుని వెళ్తే ఏడుపొక్కటే తక్కువ. యూరప్‌లో నేర్చుకుని వచ్చినవాళ్లది ఇంకో తికమక. అక్కడ బ్లూ అంటే తేలికది, దాని పైన రెడ్ అని ఇంకో మెట్టు ఉంటుంది. ఇక్కడ అమెరికాలో రెడ్డే లేదు.

పైగా వెనకబడ్డ మనిషి చేరేసరికి మిగతావాళ్లు ఊపిరి తీసుకుని సిద్ధంగా ఉంటారు. ఆ మనిషి రాగానే "పదండి" అంటారు. అందరికన్నా అలసిపోయినవాళ్లకే విశ్రాంతి ఉండదు.

అందుకని "ఇంటర్మీడియట్" అనే మాట వదిలెయ్యండి. జరిగింది చెప్పండి: "ఫలానా రన్ దిగాను, సగంలో కాళ్లు బిగుసుకుపోయాయి, నాకు వేగమంటే భయం, ఇవాళ గ్రీన్ దాటను." మొదటి రన్ తర్వాత గ్రూపులు మార్చడం స్కీ స్కూళ్లలో రోజూ జరిగేదే. కింది గ్రూపులోకి పంపమని అడగడానికి మొహమాటపడకండి.

సమస్య: మూడో రన్‌కే తొడలు మండిపోతున్నాయి, టీచరేమో "ముందుకి, ముందుకి" అంటున్నాడు

దీని దగ్గర నేనే చెయ్యి కాల్చుకున్నాను కాబట్టి వివరంగా చెప్తాను.

ఒకావిడ, తెనాలి వైపు మనిషి, నా దగ్గర మూడు ప్రైవేట్ లెసన్లు బుక్ చేసుకున్నారు. బరువంతా మడమల మీద, చేతులు వెనక్కి, కుర్చీలో కూర్చున్నట్టు దిగేవారు. భయం వల్లే అనుకున్నాను. రెండు లెసన్లలో "ముందుకి వంగండి" అని వందసార్లు అనుంటాను. మోకాళ్ల మీద చేతులు పెట్టించాను, పోల్స్ తీసేయించాను, పాట పాడించాను కూడా. ఏమీ మారలేదు. మూడో రోజు మధ్యాహ్నం లాడ్జ్‌లో కూర్చున్నాం. ఆవిడ బూటు పై బకుల్ ఒక్కటి తీసి, కాలు అలా పైకి లాగేశారు. పాదం మీద బకుల్స్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, కాలు బయటికి వచ్చేసింది! లోపల రెండు జతల ఉన్ని సాక్సులు. పాదం కొలిస్తే 24 సెంటీమీటర్లు, అద్దెకిచ్చిన బూటు 26.5. ఆవిడ "బిగుతుగా ఉంది" అన్నప్పుడల్లా రెంటల్‌లో ఒక సైజు పెంచుకుంటూ పోయారు.

బూటు వదులైతే జరిగేది ఇది. పిక్క ముందరి ఎముక బూటు నాలుకకి ఆనదు. మీరు కాలు కదిపాక బూటు కదలడానికి, బూటు కదిలాక స్కీ తిరగడానికి ఆలస్యమవుతుంది. స్టీరింగ్ సగం తిప్పేదాకా చక్రాలు కదలని కారు నడిపితే ఎవరికైనా భయమే. ఒళ్లు దానంతటదే వెనక్కి వెళ్తుంది, కాలివేళ్లు ముడుచుకుంటాయి, భారమంతా తొడలు మోస్తాయి. అలాంటి మనిషిని "ముందుకి వంగు" అంటే ఎక్కడికి వంగుతుంది, ఆనడానికి ముందు ఏమీ లేనప్పుడు?

ఇంట్లోనే కొలుచుకోండి. గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడి, బొటనవేలి దగ్గర గీత పెట్టండి. ఆ సెంటీమీటర్లే స్కీ బూటు సైజు, మామూలు చెప్పుల నంబరుతో పనిలేదు. రెంటల్‌లో బూటు లోపలి మెత్తటి లైనర్ బయటికి తీయించి, ఖాళీ డొప్పలో కాలు పెట్టి వేళ్లు ముందుకి తగిలించండి. మడమ వెనక రెండు చేతివేళ్లు పట్టే సందుంటే సరే. మూడు పడితే అది మీది కాదు. లైనర్ పెట్టి నిలబడితే వేళ్లు ముందు గోడకి తగులుతాయి, మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి జరుగుతాయి. అలా జరిగితే సరైన సైజు. నిటారుగా నిలబడి "వేళ్లు తగులుతున్నాయి, పెద్దది ఇవ్వండి" అనేవాళ్లే మోసపోయేది.

సాక్సు ఒకటే, పల్చటిది. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి దూర్చకూడదు. కాలు పెట్టాక మడమతో నేల మీద నాలుగుసార్లు తన్నండి, పాదం వెనక్కి సర్దుకుంటుంది. పిక్క దగ్గరి బకుల్స్ గట్టిగా, పాదం మీదవి ఊరికే పట్టుకునేలా. మనవాళ్లు దీన్ని తిరగేసి పెడతారు. వదులు బూటుని పాదం మీద బిగించేసరికి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. అప్పుడు "చలి" అని రెండో సాక్సు!

ఆవిడకి 24.5 మార్పించాను. అదే గ్రీన్ మళ్లీ దిగాం. నేను ఒక్క మాటా చెప్పలేదు, చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. నాకు మాత్రం తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

సమస్య: టీచర్ ముందుంటే బాగుంటుంది, ఒక్కదాన్నే అయితే మళ్లీ మామూలే

టీచర్ గీసిన దారిలోనే మీరు వచ్చారు. ఎక్కడ తిరగాలో ఆయనే నిర్ణయించాడు. చివరి ఇరవై నిమిషాలు మీరు ముందు, ఆయన వెనక అని అడగండి.

సమస్య: పైన నిలబడి కిందకి చూస్తే కాళ్లు రావు

దిగలేకపోతే ఏం చెయ్యాలో తెలియకపోవడమే అసలు భయం. లెసన్ మొదట్లోనే "నాకు సైడ్‌స్లిప్ నేర్పండి" అనండి. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి, అంచులు కాస్త వదులుతూ పక్కకి జారుతూ దిగడం. అది వస్తే బాగా ఏటవాలు చోట కూడా చాలావరకు అంగుళం అంగుళం దిగొచ్చు, ఇరుక్కుపోవడం తగ్గుతుంది. రెండోది, తిరగడం మధ్యలో వదిలెయ్యకుండా స్కీలు దాదాపు అడ్డంగా వచ్చేదాకా పూర్తి చెయ్యడం. వేగం తగ్గించాల్సింది ఆ మలుపుతో. బ్రేకు వేసినట్టు మడమలు తోసుకుంటూ దిగితే గ్రీన్ మీద సరిపోతుంది, బ్లూ మీద చాలదు. ఈ రెండూ గ్రీన్ మీదే నేర్పమనండి. "బ్లూకి వెళ్దాం, అక్కడ బాగా వస్తుంది" అనే టీచరైతే వేరే ఆయన్ని చూసుకోవాల్సిందే.

ఇక ఎవర్ని అడగాలి? అమెరికాలో పీఎస్ఐఏ (స్కీ ఇన్‌స్ట్రక్టర్ల సంఘం) సర్టిఫికెట్లు మూడు లెవెల్స్. లెవెల్ 1 ప్రధానంగా కొత్తవాళ్లకి నేర్పడానికి. మీకు లెవెల్ 2 గానీ 3 గానీ, పెద్దవాళ్లకి తరచూ చెప్పే మనిషి కావాలని ఫోన్‌లో అడగండి. రద్దీ రోజుల్లో వచ్చే కొత్త ఇన్‌స్ట్రక్టర్లలో కొందరికి ఏ సర్టిఫికెట్టూ ఉండదు. ప్రైవేట్‌కి డబ్బు చాలదా? మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి గ్రూప్ లెసన్ తీసుకోండి. తరచూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. పొద్దున్నే తీసుకోండి. మా కాస్కేడ్ కొండల మంచు తడి మంచు, ఇక్కడివాళ్లు కాంక్రీట్ అంటారు. మధ్యాహ్నానికి కుప్పలుగా పేరుకుని, స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లని కూడా పడేస్తుంది. టీచర్ నచ్చితే పేరు రాసుకుని మళ్లీ ఆయన్నే బుక్ చేసుకోండి.

భర్త నేర్పుతున్నాడంటారా? కారు నేర్పినప్పుడు ఏమైందో గుర్తు తెచ్చుకోండి.

మిగతావి అరుదు. మబ్బు రోజున ఎత్తుపల్లాలు కనపడక భయమేస్తే గాగుల్స్‌కి లేత రంగు లెన్స్ పెట్టండి. అద్దె స్కీల అంచులు అరిగి గట్టి మంచు మీద జారిపోతుంటే కౌంటర్‌లో మార్చమనండి, మారుస్తారు. ఎత్తు చూస్తే నిజంగానే కళ్లు తిరిగేవాళ్లు డాక్టర్ని కలవాలి, నన్ను కాదు.