గళ్ళ నుడికట్టు కోసం పైథాన్‌లో అక్షరాల లెక్క

నేను తెలుగు గళ్ళ నుడికట్లు (క్రాస్‌వర్డ్‌లు) కూరుస్తాను. మాటల జాబితాలన్నీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే పెట్టుకున్నాను కాబట్టి లెక్కపెట్టడం నాకు నిత్యం ఉండే పని.

జాబితాలో ఎన్ని మాటలున్నాయో తెలియాలంటే ఎన్ని ఉన్నాయో లెక్కచెప్పే లెన్ (len) ఫంక్షన్‌కి లిస్టును ఇస్తే చాలు. లిస్టు తన సైజును తన దగ్గరే రాసిపెట్టుకుంటుంది, అందుకే లక్ష మాటలున్నా జవాబు వెంటనే వస్తుంది. ఫైలు నుంచి మాటలు తెచ్చుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. కొత్త లైను గుర్తు దగ్గర స్ప్లిట్‌తో విడగొడితే ఫైలు చివరి ఖాళీ కూడా ఒక మాటగా లెక్కలో చేరిపోతుంది. స్ప్లిట్‌లైన్స్ వాడండి. ఒకే మాట రెండుసార్లు పడిందేమోనని అనుమానం వస్తే లిస్టును సెట్‌గా (ఒక్కో మాటనూ ఒక్కసారే ఉంచుకునే రకం) మార్చి మళ్ళీ లెన్ అడగండి. అంకె తగ్గిందంటే నకళ్ళున్నట్టే.

అసలు చిక్కు గళ్ళ దగ్గర వస్తుంది. 'తెలుగు' మూడు గళ్ళ మాట. లెన్ మాత్రం 6 అంటుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము దేనికదే విడి కోడు మరి. ఒక్క గడిలో పట్టే 'స్త్రీ'కి కూడా 6 వస్తుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

అందుకని మాటనే అక్షరాల లిస్టుగా మార్చుకోవాలి. ఖాళీ లిస్టుతో మొదలుపెట్టి ఒక్కో కోడునూ చూస్తూ వెళ్ళండి. అచ్చు వస్తే లిస్టులో కొత్త అంశం చేర్చండి. హల్లు వస్తే దానికి సరిగ్గా ముందున్నది చూడండి: పొల్లు ఉంటే ఇది ఒత్తు, పాత అంశానికే అంటించాలి, లేకపోతే కొత్త అంశం. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ ఎప్పుడూ పాతదానికే. ఇప్పుడు ఆ లిస్టుకి లెన్ వేస్తే 'తెలుగు'కి 3, 'స్త్రీ'కి 1. పైగా ఒక్కో అంశాన్నీ నేరుగా ఒక్కో గడిలో పెట్టేయొచ్చు, నాకు ఈ పద్ధతి నచ్చింది అందుకే.

'సాఫ్ట్‌వేర్'తో తప్పక పరీక్షించండి. అందులో ట్ తర్వాత కంటికి కనబడని కోడు ఒకటి ఉంటుంది, వ ఒత్తుగా మారకుండా ఆపేది అదే. దాన్ని కూడా పాత అంశానికే అంటించండి, తీసేయకండి. తీసేస్తే 4 రావాల్సిన చోట 3 వస్తుంది.

'బస్' నుడికట్టులో రెండు గళ్ళు. ఛందస్సు కోసం లెక్కపెట్టేవాళ్ళు మాత్రం చివరి పొల్లు హల్లును ముందక్షరంలో కలిపేయాలి, అక్కడ అది ఒక్క గురువే.