ఆన్సిబుల్‌లో డిఫాల్ట్ విలువలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఆన్సిబుల్ అంటే సర్వర్లను ఆటోమేటిక్‌గా సెటప్ చేసే సాధనం, అది చేయాల్సిన పనులు రాసిన ఫైలే ప్లేబుక్. ప్లేబుక్ నడుస్తుండగా "వేరియబుల్ అన్‌డిఫైన్డ్" అని ఎర్రర్ రాగానే చాలామంది దాని పక్కన ఒక డిఫాల్ట్ ఫిల్టర్ (విలువ లేకపోతే దీన్ని వాడు అని చెప్పేది) తగిలిస్తారు. ఎర్రర్ పోతుంది కానీ తప్పుడు విలువ నేరుగా సర్వర్ మీదికి వెళ్లే ప్రమాదం ఉంది. ఆ వేరియబుల్ అసలు లేదా, ఉండి ఖాళీగా ఉందా, ఉన్నా మనం అనుకోని రకంలో వచ్చిందా అన్నది ముందు తేల్చుకోండి. డీబగ్ మాడ్యూల్‌తో (మాడ్యూల్ అంటే ఒక్కో పని చేసే ఆన్సిబుల్ భాగం) విలువనూ, టైప్_డీబగ్ ఫిల్టర్‌తో దాని రకాన్నీ ప్రింట్ చేస్తే తెలిసిపోతుంది.

డిఫాల్ట్ రాసినా కాన్ఫిగ్ ఫైల్లో ఆ చోటు ఖాళీగా ఉంది

గ్రూప్ వార్స్ (ఒక సర్వర్ల గుంపుకి వర్తించే వేరియబుల్స్) ఫైల్లో ఎవరో వేరియబుల్ పేరు రాసి, కోలన్ తర్వాత ఏమీ రాయకుండా వదిలేసి ఉంటారు. ఈ ఫైళ్లు రాసే భాష యామల్ దాన్ని నల్‌గా, అంటే విలువ లేనిదిగా చదువుతుంది. విలువ నల్ అయినా పేరు ఉంది కాబట్టి జింజా (ఆన్సిబుల్ వాడే టెంప్లేట్ భాష) లెక్కలో అది డిఫైన్ అయినట్టే, డిఫాల్ట్ ఫిల్టర్ కదలదు. ఫిల్టర్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇస్తే ఖాళీ విలువలకూ డిఫాల్ట్ వర్తిస్తుంది. అయితే అప్పుడు సున్నా, ఫాల్స్ కూడా ఖాళీ కిందకే వస్తాయి. రీట్రై అస్సలు వద్దని 0 ఇచ్చినవాళ్లకి మీ డిఫాల్ట్ 3 వెళ్లిపోతుంది. సంఖ్యలకీ, బూలియన్లకీ (ట్రూ, ఫాల్స్ విలువలకీ) ఈ పద్ధతి వాడకండి. ఆ ఖాళీ లైన్‌ని తీసేయడమే అన్నిటికన్నా మంచిది.

ఐచ్ఛిక పారామీటర్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే యూజర్ గ్రూపులన్నీ ఊడిపోయాయి

ఇది నిజంగా ప్రమాదకరం. యూజర్ మాడ్యూల్‌లో గ్రూప్స్ పారామీటర్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే, ప్రైమరీ గ్రూప్ తప్ప మిగతా అన్ని గ్రూపుల నుంచీ ఆ యూజర్‌ని తీసేయమని అర్థం. "ఏమీ ఇవ్వలేదు", "ఖాళీ ఇచ్చాను" అన్నవి మాడ్యూల్‌కి రెండు వేర్వేరు ఆదేశాలు. ఇలాంటి చోట డిఫాల్ట్ ఫిల్టర్ లోపల ఓమిట్ పెట్టాలి. అప్పుడు ఆ పారామీటర్ రాయనట్టే లెక్క, మాడ్యూల్ తన సొంత డిఫాల్ట్‌తో నడుస్తుంది. లూప్‌లో కొన్ని ఫైళ్లకే మోడ్ (ఫైల్ అనుమతులు) ఇవ్వాలన్నా ఇదే దారి.

ఓమిట్‌ని మాడ్యూల్ పారామీటర్ విలువగా నేరుగా మాత్రమే వాడండి. టెంప్లేట్ ఫైల్లోనో, ఇంకో స్ట్రింగ్‌తో కలిపో వాడితే, చాలా వెర్షన్లలో "ఓమిట్ ప్లేస్ హోల్డర్" అని మొదలయ్యే పొడవాటి చెత్త స్ట్రింగ్ కాన్ఫిగ్‌లో పడుతుంది. టెంప్లేట్‌లో అయితే "ఇఫ్ డిఫైన్డ్" అని షరతు రాసి ఆ లైన్ మొత్తాన్నీ అందులో పెట్టాలి.

కమాండ్ లైన్‌లో ఫాల్స్ ఇచ్చినా ట్రూ లాగే నడుస్తోంది

కీ, ఈక్వల్స్ గుర్తు, విలువ పద్ధతిలో ఇచ్చిన ఎక్స్‌ట్రా వార్స్ (కమాండ్ లైన్ నుంచి ఇచ్చే వేరియబుల్స్) అన్నీ స్ట్రింగులుగానే వస్తాయి. ఖాళీ కాని స్ట్రింగ్ కాబట్టి "ఫాల్స్" అన్న మాట కూడా ట్రూ అవుతుంది. వాడే చోట బూల్ ఫిల్టర్ పెట్టండి, లేదా విలువని జేసన్ రూపంలో పంపండి.

గ్రూప్ వార్స్‌లో మార్చినా రోల్ పాత విలువనే పట్టుకుని ఉంది

రోల్ (మళ్లీ మళ్లీ వాడుకునే పనుల ప్యాకేజీ) రాసినవాళ్లు డిఫాల్ట్ విలువని డిఫాల్ట్స్ ఫోల్డర్‌లో కాకుండా వార్స్ ఫోల్డర్‌లో పెట్టి ఉంటారు. డిఫాల్ట్స్ ఫోల్డర్‌లోని వేరియబుల్స్‌ని ఇన్వెంటరీ (సర్వర్ల జాబితా), గ్రూప్ వార్స్, హోస్ట్ వార్స్ అన్నీ దాటేస్తాయి. వార్స్ ఫోల్డర్‌లోవి వాటన్నిటికన్నా పైన ఉంటాయి. అన్నిటికన్నా పైన ఎక్స్‌ట్రా వార్స్ ఉంటాయి కాబట్టి, కమాండ్ లైన్ నుంచి ఇస్తే మారి, గ్రూప్ వార్స్ నుంచి ఇస్తే మారకపోతే అనుమానం ఇక్కడే పెట్టుకోండి. వాడేవాళ్లు మార్చుకోవాల్సిన ప్రతి విలువనూ డిఫాల్ట్స్‌లోకి జరపండి.

డిక్షనరీలో ఒక్క కీ మార్చితే మిగతావి మాయం

డిక్షనరీలు (కీ, విలువ జతల సముదాయాలు) వాటంతట అవి కలవవు, కొత్తది పాతదాన్ని మొత్తంగా తుడిచేస్తుంది. డిఫాల్ట్‌లని వేరే పేరుతో ఉంచి, కంబైన్ ఫిల్టర్‌తో రికర్సివ్ ట్రూ ఇచ్చి కలపండి. హ్యాష్ బిహేవియర్ సెట్టింగ్‌ని మెర్జ్‌గా మార్చే దారి కూడా ఉంది కానీ నేను వద్దంటాను. అది అన్ని రోల్స్ ప్రవర్తననీ ఒకేసారి మార్చేస్తుంది.

కూడిక పక్కన డిఫాల్ట్ రాసినా అన్‌డిఫైన్డ్ అంటోంది

ఫిల్టర్ తన పక్కనున్న చివరి పదానికే అంటుకుంటుంది. డిఫాల్ట్ వర్తించాల్సిన వేరియబుల్‌నీ ఫిల్టర్‌నీ కలిపి బ్రాకెట్లలో పెట్టి, కూడిక బయట రాయండి.

ఆర్గ్యుమెంట్ స్పెక్‌లో డిఫాల్ట్ రాసినా విలువ రావట్లేదు

ఆన్సిబుల్ 2.11 నుంచి రోల్ ఆర్గ్యుమెంట్ల తనిఖీ ఉంది, రోల్‌కి ఏ విలువలు కావాలో ఆర్గ్యుమెంట్ స్పెక్‌లో రాస్తారు. అయితే అందులో రాసే డిఫాల్ట్ డాక్యుమెంటేషన్ కోసమే, విలువ మాత్రం డిఫాల్ట్స్ ఫోల్డర్ నుంచే వస్తుంది. కాబట్టి రెండు చోట్లా ఒకే విలువ రాయాలి. డేటాబేస్ పాస్‌వర్డ్ లాంటివాటికి మాత్రం ఎక్కడా డిఫాల్ట్ రాయకండి. స్పెక్‌లో రిక్వైర్డ్ ట్రూ అని పెడితే, విలువ ఇవ్వనప్పుడు రోల్ మొదట్లోనే ఆగిపోతుంది.