వాడని పడవకు బదులుగా చౌక రైఫిల్: ఒప్పుకునే ముందు చూసుకోవలసినవి

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చేపలు పట్టే సరదాతో చిన్న అల్యూమినియం పడవ కొనుక్కున్నవారు ఉన్నారు. మొదటి వేసవిలో లావన్, లూయిస్‌విల్, టెక్సోమా సరస్సులకు వెళ్తారు. పిల్లల తరగతులు, ఆఫీసు పనులు పెరిగాక ఆ పడవ ట్రైలర్ మీదనే ఉండిపోతుంది. అటువంటి సమయంలో పరిచయస్తులెవరో తమ దగ్గర బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగి నింపే రకం) ఒకటి ఉందని, పడవకు బదులుగా దానిని ఇస్తామని అడగడం టెక్సస్‌లో సాధారణంగా జరిగేదే. ఈ బేరానికి సరే అనాలా వద్దా అన్నది ఏ వరుసలో ఆలోచించాలో ఈ వ్యాసం చెబుతుంది. ఇందులోని రాష్ట్ర నియమాలు టెక్సస్‌కు సంబంధించినవి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి చోట్ల నియమాలు చాలా కఠినంగా ఉంటాయి కనుక అక్కడివారు తమ రాష్ట్ర చట్టాన్ని విడిగా చూసుకోవాలి.

ధర గురించి ఆలోచించే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ రైఫిల్‌ను చేతిలోకి తీసుకునే అర్హత మీకు ఉందా? హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. సొంతంగా కొనడమే కాదు, కాల్పుల శిక్షణ కేంద్రంలో ఒక గంటకు అద్దెకు తీసుకుని పట్టుకున్నా అది కలిగి ఉండడం కిందికే వస్తుంది. ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో సామాన్యులకు అందుబాటులో ఉన్నది ఒకటే. ఏదైనా ఒక రాష్ట్రం జారీ చేసి, ఇంకా గడువు ముగియని వేట లైసెన్స్ దగ్గర ఉండాలి. పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవారికి ఈ వీసా నిషేధం వర్తించదు.

ఈ విషయాన్ని తేలికగా తీసుకోవద్దని గట్టిగా చెప్పదలచుకున్నాను. 2022లో జరిగిన సవరణ తరువాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళ జైలు. అంతేకాక, తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే గ్రీన్ కార్డ్ ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపించివేయడానికి వలస చట్టంలో వీలుంది. వేట లైసెన్స్ మినహాయింపుపై ఆధారపడేవారు దాని గడువును కూడా గుర్తుంచుకోవాలి. టెక్సస్‌లో ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోకపోతే సెప్టెంబరు 1 ఉదయానికి అలమరలో ఉన్న అదే రైఫిల్ మిమ్మల్ని నేరస్థులను చేస్తుంది. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో భూయజమాని అనుమతితో ప్రైవేటు భూమిలో అడవి పందులను వేటాడడానికి లైసెన్స్ అవసరం లేదన్న మాట నిజమే. అయితే ఆ సడలింపు వేటకు మాత్రమే సంబంధించినది. వీసా మీద ఉన్నవారికి తుపాకీ పట్టుకునే అర్హతను ఇచ్చేదే ఆ లైసెన్స్ కనుక, వారికి అది ఎప్పుడూ తప్పనిసరే. పౌరసత్వం ఉన్న స్నేహితుడి పేరు మీద తీసుకుని మీ ఇంట్లో పెట్టుకోవాలన్న ఆలోచన వస్తే దానిని అక్కడితో వదిలేయండి. వేరొకరి కోసం తన పేరు మీద కొనడం 2022 నుంచి విడిగా ఒక ఫెడరల్ నేరం. నన్నడిగితే, గ్రీన్ కార్డ్ చేతికి రానివారు ఈ బేరాన్ని ఇంతటితో ఆపి పడవను డబ్బుకే అమ్ముకోవడం మేలు.

అర్హత ఉన్నవారు ఆ తరువాత పడవ సంగతి చూడాలి. పడవ అంటే ఒక వస్తువు కాదు, మూడు: పడవ, మోటారు, ట్రైలర్. బేరమాడేవారు చాలామంది ఈ మూడింటినీ కలిపి “ఆ పాత పడవ” అంటారు, అమ్మేవారు కూడా అదే మాటకు లొంగిపోతారు. 14 అడుగుల అల్యూమినియం జాన్ బోట్ (అడుగు చదునుగా ఉండే చిన్న పడవ) సొట్టలు పడి ఉన్నా, దాని వెనుక ఉన్న 9.9 లేదా 15 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్ మోటారు బాగా నడుస్తూ ఉంటే ఆ మోటారు ఒక్కటే చౌక రైఫిల్ కంటే ఎక్కువ ధర పలకవచ్చు. కాబట్టి మూడింటికీ విడివిడిగా ధర కట్టండి. జె.డి. పవర్ వారి పడవల ధరల పట్టికలో మీ మోడల్ వెతికి, మీ ప్రాంతంలో అటువంటివి ఎంతకు అమ్ముడవుతున్నాయో పోల్చి చూడండి. పడవ వెనుక కుడివైపున చెక్కి ఉండే 12 అక్షరాల గుర్తింపు సంఖ్యలో చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరాన్ని తెలుపుతాయి.

అదే సమయంలో నిలిచిపోయిన పడవ ఎంత పాడైందో నిజాయితీగా ఒప్పుకోవాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే తేమను పీల్చుకుని కార్బురేటర్‌లో జిగురులా పేరుకుంటుంది. మోటారును చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు చక్రం గట్టిపడుతుంది. ట్రైలర్ టైర్లు ఎండకు పగుళ్ళు బారతాయి, చక్రాల బేరింగులకు తుప్పు పడుతుంది, మోటారును మోసే వెనుక పలకలో చెక్క ఉంటే అది లోపల కుళ్ళుతుంది. మోటారును ఒకసారి మెకానిక్‌కు చూపించి ప్రతి సిలిండర్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించి, ఆ అంకెలను కాగితం మీద రాయించుకోండి. నడిచే మోటారని మాటతో చెప్పడానికీ, ఆ కాగితం చూపించడానికీ మధ్య వందల డాలర్ల తేడా ఉంటుంది.

ఇక పడవను ఉంచుకోవడానికి అవుతున్న ఖర్చు. ఫ్రిస్కో వైపు చాలా కాలనీలలో ఇంటి ముందు పడవ నిలపడాన్ని గృహయజమానుల సంఘాలు ఒప్పుకోవు కనుక స్టోరేజీ స్థలానికి అద్దె కట్టవలసి వస్తుంది. నెలకు 100 డాలర్లు అనుకున్నా ఏడాదికి 1,200 అవుతుంది. 2,000 డాలర్ల పడవ విలువను ఆ అద్దె రెండేళ్ళు తిరగకముందే మింగేస్తుంది. బీమా, రెండేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్, మరమ్మతులు దీనికి అదనం. ఏడాదిలో ఒకటి రెండుసార్లే నీటిలోకి దిగే కుటుంబానికి, ఆ రోజుల్లో పడవను అద్దెకు తీసుకోవడమో, టెక్సోమాలో చారల బాస్ చేపలు పట్టించే గైడుతో వెళ్ళడమో తక్కువలో అవుతుంది. ఈ లెక్క వేసుకున్నాక పడవను వదిలించుకోవాలని మీకు అనిపిస్తే అది సరైన నిర్ణయమే కావచ్చు. అయినా పడవను వదలడం వేరు, దానికి బదులు రైఫిల్ తీసుకోవడం వేరు. ఈ రెండు నిర్ణయాలను ఒక్కటిగా ముడివేయడంలోనే నష్టం మొదలవుతుంది.

వాటిని విడదీయడానికి నేను సూచించే పరీక్ష ఇది. పడవను 1,800 డాలర్లకు అమ్మారనీ, ఆ నగదు ఇప్పుడు మీ చేతిలో ఉందనీ అనుకోండి. ఆ డబ్బుతో దుకాణానికి వెళ్ళి మీరు కొనేది ఈ రైఫిలేనా? సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియట్, వించెస్టర్ ఎక్స్‌పీఆర్ వంటి చౌక తరగతి రైఫిళ్ళు కొత్తవే సుమారు 400 నుంచి 600 డాలర్లకు దొరుకుతాయి. ఎవరో వాడిన రైఫిల్ సాధారణంగా అంతకంటే తక్కువకే రావాలి. అందువల్ల బాగా నడిచే మోటారున్న పడవకు ఒక్క చౌక రైఫిల్ సరితూగడం అరుదు. తేడాను అవతలివారు నగదుగా కట్టాలి, లేదా బేరం వద్దనుకోవాలి. మోటారు లేని చిన్న పడవ అయినా, మోటారు పూర్తిగా పాడైనదైనా మాత్రం ఒకటికి ఒకటి మార్చుకోవడం న్యాయంగానే ఉండవచ్చు.

చౌక రైఫిల్ అంటే చెత్త రైఫిల్ అని కాదు. ఈ తరగతి బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళు 100 గజాల దూరంలో జింక వేటకు కావలసిన గురిని తేలికగా ఇస్తాయి. పొదుపు చేసిన ఆనవాళ్ళు భుజానికి ఆనించే ప్లాస్టిక్ భాగంలోను, బరువైన ట్రిగర్‌లోను, ముఖ్యంగా కొన్నప్పుడే జతచేసి వచ్చే నాసిరకం స్కోప్‌లోను (గురి చూసే దుర్భిణిలోను) కనిపిస్తాయి. “స్కోప్‌తో సహా ఇస్తున్నాను” అన్న మాటకు పెద్ద విలువ కట్టకండి.

రైఫిల్‌ను చూడడానికి వెళ్ళినప్పుడు మొదట బోల్ట్ వెనక్కి లాగి, తూటా గదిలోకి కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి. అవతలివారు అప్పుడే చూపించి ఇచ్చినా మీరు మళ్ళీ చూడాలి. తరువాత బోల్ట్ తీసివేసి గొట్టం గుండా వెలుతురులోకి చూడండి. లోపలి గాడులు పదునుగా, మెరుస్తూ ఉండాలి. తుప్పు గుంటలు ఉంటే వదిలేయండి. గొట్టం చివరి అంచు మీద దెబ్బ ఉంటే గురి చెడుతుంది. గొట్టం మీద చెక్కిన క్యాలిబర్ (తూటా రకం) పేరు చదివి, ఆ తూటాలు మీ ఊరి దుకాణాలలో మామూలుగా దొరికేవేనా అని చూడండి. .308 వించెస్టర్, .30-06, .243, 6.5 క్రీడ్‌మూర్ ఎక్కడైనా దొరుకుతాయి. సీరియల్ నంబరును రుద్దివేసిన తుపాకీని తాకను కూడా తాకవద్దు. ఆ మోడల్‌ను తయారీదారు వెనక్కి పిలిచారేమో కూడా వెతకాలి. ఉదాహరణకు 2006 మే నుంచి 2014 ఏప్రిల్ వరకు తయారై ఎక్స్-మార్క్ ప్రో ట్రిగర్ అమర్చిన రెమింగ్టన్ 700 రైఫిళ్ళను, ట్రిగర్ నొక్కకుండానే పేలే ప్రమాదం వల్ల 2014లో కంపెనీ వెనక్కి పిలిచింది. అటువంటి పాత రైఫిళ్ళు ఇలాంటి మార్పిడి బేరాలలోనే చేతులు మారుతుంటాయి.

రైఫిల్ ఇంటికి వచ్చాక దానికీ పడవకు పట్టిన గతే పడుతుందా అన్నది అడగక తప్పని ప్రశ్న. టెక్సస్ భూమిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ప్రైవేటువారిది. వేటాడాలంటే తెలిసిన రైతో, గుత్తకు తీసుకున్న స్థలమో, ప్రభుత్వ వేటభూమి పర్మిటో ఉండాలి. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట విద్య కోర్సు పూర్తిచేయాలి. తెల్లతోక జింకను రైఫిల్‌తో వేటాడే ప్రధాన కాలం నవంబరు మొదట్లో మొదలై జనవరి వరకే సాగుతుంది. వేట తూటా ఒక్కొక్కటి డాలరు నుంచి రెండు డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తాళం వేసే అలమర, చెవులకు రక్షణ, సాధన రుసుము కూడా కలుపుకోండి. ఈ నవంబరులో ఎక్కడ, ఎవరితో వేటకు వెళ్తారో మీరు ఇప్పుడే చెప్పగలిగితే రైఫిల్ మీకు పనికివచ్చే వస్తువు. చెప్పలేకపోతే నగదు తీసుకోండి. ఎప్పటికైనా ఇండియాకు తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవారు, దానిని సామానుతో పాటు తీసుకువెళ్ళడం కుదిరే పని కాదని, ఇక్కడే అమ్మవలసి ఉంటుందని కూడా గమనించాలి.

ఇంట్లోని మిగతా మనుషుల గురించీ ఆలోచించాలి. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా, పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని వదిలివేయడం టెక్సస్‌లో నేరం. జీవిత భాగస్వామి హెచ్-4 మీద ఉన్నా, సందర్శక వీసా మీద అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, అలమర తాళంచెవి అర్హత ఉన్నవారి దగ్గర మాత్రమే ఉండాలి. 2024లో తెలుగు విద్యార్థి ఒకరు తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయిన వార్త మనలో చాలామంది చదివాం. తుపాకీ కొత్త అయినవారు ఇంటికి తెచ్చే ముందే శిక్షణ తీసుకోవాలని నేను కోరేది అందుకే.

అన్నీ చూసుకుని సరే అనుకుంటే, మార్పిడిని ఎలా జరపాలన్నది మిగులుతుంది. ఇద్దరూ టెక్సస్ నివాసులైతే ప్రైవేటు మార్పిడికి నేపథ్య తనిఖీ చట్టరీత్యా తప్పనిసరి కాదు. అయినా లైసెన్స్ ఉన్న తుపాకుల దుకాణం ద్వారా ఫారం 4473 (తుపాకీ తీసుకునేవారు నింపే ఫెడరల్ పత్రం) నింపి జరిపించుకోవడమే మంచిది. కొన్ని పదుల డాలర్ల రుసుముతో మీ అర్హతను అక్కడే తనిఖీ చేస్తారు, రైఫిల్ ఎప్పుడు మీ చేతికి వచ్చిందో రికార్డు మిగులుతుంది. టెక్సోమా సరస్సు రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది కనుక అక్కడ పరిచయమైన వ్యక్తి ఓక్లహోమా నివాసి అయ్యే అవకాశం ఉంది. అప్పుడు దుకాణం ద్వారా వెళ్ళడం తప్పనిసరి. వేర్వేరు రాష్ట్రాలవారు నేరుగా తుపాకీ ఇచ్చిపుచ్చుకోవడం ఫెడరల్ నేరం.

పడవ వైపు కాగితాలు రెండు చోట్ల ఉంటాయి. పడవ, మోటారు టైటిళ్ళు (యాజమాన్య పత్రాలు) విడివిడిగా టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర మారాలి, ట్రైలర్ రిజిస్ట్రేషన్, దానికి టైటిల్ ఉంటే అది కూడా, మోటారు వాహనాల శాఖ రికార్డులో మారాలి. మోటారు మీది సంఖ్య టైటిల్ మీది సంఖ్యతో సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. అమ్మకపు పత్రంలో ఇరువైపుల వస్తువుల సంఖ్యలు, తేదీ, ఒక్కొక్కదానికి అనుకున్న డాలర్ల విలువ రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. మీరు కొన్న ధర కంటే తక్కువకే పడవ పోతుంటే దాని మీద లాభపు పన్ను ఉండదు, సొంత వాడకపు వస్తువు కనుక ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోవడానికీ వీలుండదు. టైటిళ్ళు అవతలివారి పేరుకు మారాయని శాఖ రికార్డులో కనిపించేవరకు పడవ బీమాను రద్దు చేయకండి.