బందరులో రెండు రోజులు: పెడన అద్దకం చూసి, తెలిసి కొనడం

బందరు, అంటే మచిలీపట్నం, బయల్దేరే ముందు ఒక పని చేయండి. కలంకారీ అని చెప్పి ఎవరైనా మీకు అమ్మిన బట్ట ఇంట్లో ఉంటే, చీరైనా దుప్పటైనా సరే, తీసి సంచిలో పెట్టుకోండి. ఆరేళ్ల కిందట నేను అలాగే ఒక చీర తీసుకెళ్లాను. హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో, చేత్తో అద్దింది అంటే నమ్మి కొన్నది. బందరు పక్కనున్న పెడనలో ఒక అద్దకం షెడ్డులో పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ముందువైపు చూడనే లేదు, తిరగేశారు. వెనకవైపు వేలితో రాసి, "ఇది స్క్రీన్ అమ్మా, అచ్చుపని కాదు" అన్నారు. అంటే చెక్క అచ్చుతో అద్దింది కాదు, జాలీ తెర మీదుగా రంగు వేసింది. పోయిన డబ్బు గురించి నాకు అంత దిగులు లేదు. మా అమ్మమ్మ ఊరు బందరు, చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి, అయినా ఆ తేడా నాకు తెలియలేదే అని చాలా బాధేసింది. అప్పటి నుంచి ఏటా సంక్రాంతి వెళ్లాక ఇద్దరు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్తున్నాను. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు కాలం చూసుకోండి. ఈ అద్దకానికి ఎండ కావాలి, పారే నీళ్లు కావాలి. రెండిట్లో ఏది లేకపోయినా మీరు వెళ్లేసరికి షెడ్డులో బల్లలు మాత్రమే కనిపిస్తాయి. ఒక ఏడాది నవంబరులో వెళ్లాను. రెండు రోజులూ ముసురే, తడి బట్ట ఆరే దారి లేదు, పని ఆగిపోయింది. ఆ తీరంలో నవంబరు అంటేనే తుపాన్ల నెల. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టుపక్కల సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతారు. ఇక నడి వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు, ఉక్కపోత కూడా భరించలేం. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు అన్ని రకాలా మంచిది. ఆదివారం కలవకుండా శుక్రవారం, శనివారం పెట్టుకోండి. సెలవు రోజు వెళితే కొట్లు తెరిచి ఉండొచ్చు గానీ పని చూడలేరు.

విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లు. పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి బస్సులు బాగానే ఉంటాయి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా హైవే సాఫీగా ఉంటుంది. నేను వెళ్లేటప్పుడు ఆ దారిన వెళ్లి, వచ్చేటప్పుడు పెడన, గుడ్లవల్లేరు, గుడివాడ మీదుగా వస్తాను. దీనికి కారణం ఉంది. మొదటి రోజు పెడనలో చూడటం మాత్రమే, కొనడం రెండో రోజు తిరుగుదారిలో. ఒక రాత్రి మధ్యలో ఉంటే ఏది నిజంగా కావాలో తెలుస్తుంది. చూసిన వెంటనే కొంటే చేతికి అందినదల్లా కొనేస్తాం.

బందరు నుంచి పెడన పది పన్నెండు కిలోమీటర్లే. పొద్దున్నే వెళ్లండి. ముందుగా ఎవరినైనా అడిగి, పని చూడవచ్చా అని అనుమతి తీసుకుని లోపలికి వెళ్లండి. ఫోటోలు కూడా అడిగాకే తీయాలి. ఒక్కో అచ్చు నమూనా వాళ్లకు ఆస్తి, దాన్ని ఎవరో ఫోన్‌లో పట్టుకెళ్లి స్క్రీన్ మీదకు ఎక్కిస్తే వాళ్లకే నష్టం.

అక్కడ చూడాల్సింది ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. కలంకారీ అనగానే చాలామందికి శ్రీకాళహస్తి గుర్తొస్తుంది. అక్కడ కలంతో చేత్తో గీస్తారు, రామాయణ భారత కథలు ఎక్కువ. పెడనలో టేకు చెక్కమీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. ఇక్కడ తీగలు, పూలు, మామిడి పిందెలు, చిలకలు, జీవవృక్షం ఎక్కువ. గోల్కొండ నవాబుల కాలంలో ఈ బట్ట బందరు రేవు నుంచి పర్షియాకు వెళ్లేది, అక్కడివాళ్ల ఇష్టాన్ని బట్టి పెరిగిన డిజైన్లు ఇవి. కలంకారీ అన్న మాట కూడా పారశీకం నుంచి వచ్చిందే. మచిలీపట్నం కలంకారీ పేరుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది.

ముందు బట్టను బాగా ఉతికి గంజి, జిడ్డు పోగొట్టి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. లేత పసుపు రంగు వస్తుంది. దాన్ని పొడవాటి బల్లమీద పరిచి అచ్చు వేయడం మొదలుపెడతారు. నలుపుకి, తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు వాడతారు. అచ్చును రంగు ట్రేలో అద్ది, బట్టమీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. కరక్కాయ తగిలిన బట్టమీద ఆ ఇనుపనీళ్లు పడగానే కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పుడు అక్కడ ఎరుపు ఏమీ కనిపించదు. తర్వాత బట్టను పారే నీళ్లలో ఉతికి, పెద్ద రాగి కాగులో రంగు చెక్కలు, ఆకులు వేసి ఉడకబెడతారు. పటిక తగిలిన చోట మాత్రమే రంగు పట్టుకుంటుంది. కాగులోంచి కర్రతో బట్టను పైకి ఎత్తినప్పుడు, అంతకుముందు లేని ఎర్రటి పూలు కనిపిస్తాయి. నేను ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో మాట్లాడలేను. ఒక్క ఉడకబెట్టడం చూడటం కోసమైనా రెండు గంటలు ఆగండి. తొందరపెట్టే డ్రైవర్‌తో వెళ్లకండి.

అచ్చులు చెక్కేవాళ్లను కూడా కలవండి. ఒకే పువ్వుకు గీతల అచ్చు ఒకటి, లోపల ఒక్కో రంగు నింపడానికి ఒక్కోటి, అంచుకు వేరే. అవన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకంత తేడా వచ్చినా పువ్వు అంచు దాటి రంగు బయటికి వస్తుంది. అంత పని చేతిలో చూశాక చీర ధర విని బేరమాడబుద్ధి కాదు.

ఇక తేడా పట్టుకోవడం. మీరు తీసుకెళ్లిన పాత బట్టను పక్కన పెట్టుకుని చూస్తే త్వరగా అర్థమవుతుంది. ముందుగా తిరగేయండి. అచ్చుపనిలో రంగు నూలు లోపలికి దిగుతుంది, వెనకవైపు కూడా డిజైన్ స్పష్టంగానే ఉంటుంది. స్క్రీన్ మీద వేసిన చిక్కటి రంగు పైపైనే కూర్చుంటుంది, వెనక వెలవెలబోతుంది, వేలితో రాస్తే కొంచెం రబ్బరులా తగులుతుంది. తర్వాత రెండు అచ్చులు కలిసే చోటు వెతకండి. చేతిపనిలో ఎక్కడో ఒక చోట కొంచెం ఎడం, కొంచెం ఒత్తు, ఒక చోట ముదురు, ఒక చోట లేత తప్పకుండా ఉంటుంది. రెండు గజాల బట్టలో ఒక్క చోట కూడా తేడా కనిపించకపోతే అనుమానించండి. రంగులు కూడా చెబుతాయి. కరక్కాయ, పటిక, చెక్కల రంగుల్లో ఎరుపు కాస్త ఇటుక రంగులో, పసుపు ఆవపిండిలా ఉంటుంది. మెరిసే గులాబీ, చిలకాకుపచ్చ కనిపిస్తే అది కెమికల్ రంగు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పెడనలో కెమికల్ రంగులతో అచ్చుపని చేసేవాళ్లు ఉన్నారు, స్క్రీన్ వేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను, తక్కువ ధరకు అడిగేది మనమే. కొనేవాళ్లకు ఏది కొంటున్నామో తెలియాలి, అంతే. అందుకే సూటిగా అడగండి: "ఇది అచ్చా, స్క్రీనా? నేచురల్ కలరా, కెమికలా?" ఇలా అడిగితే చాలామంది నిజమే చెబుతారు. చెప్పకుండా మాట దాటేస్తే పక్క షెడ్డుకు వెళ్లండి. చీరలే కాకుండా తానుల్లో గుడ్డ కూడా అమ్ముతారు. నా సలహా మొదటిసారి తాను నుంచి కోయించుకోమనే. కుర్తాకైనా కర్టెన్‌కైనా పనికొస్తుంది, పన్నా, అంటే బట్ట వెడల్పు, ఎంతో అడిగి కొలత చెప్పండి. ఒకే డిజైన్ ఎక్కువ కావాలంటే అంతా ఒకే తాను నుంచి తీసుకోండి. ఇంకో కాగులో ఉడికిన బట్ట రంగు దీనితో కలవదు.

సాయంత్రానికి బందరు చేరుకుని కోనేరు సెంటర్ దగ్గర బస చూసుకోండి. ఊళ్లో పేటల పేర్లు చదువుకుంటూ నడవండి. వలందపాలెం అంటే వలందలు, అంటే డచ్చివాళ్లు ఉన్నచోటు. పరాసుపేట ఫ్రెంచివాళ్లది. ఇంగ్లీష్‌పాలెం సంగతి పేరే చెబుతుంది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. వాళ్లను ఇంత దూరం రప్పించిన సరుకుల్లో ముఖ్యమైనది ఈ అద్దకం బట్టే. పొద్దున పెడన చూసి సాయంత్రం ఈ పేటల్లో నడిస్తే ఆ సంగతి దానంతటదే కలుస్తుంది, అందుకే ఈ వరస చెబుతున్నాను. డచ్చి సమాధుల తోట చూడటానికి మర్నాడు ఎండ ఎక్కకముందు వెళ్లండి. పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. రాళ్లమీద కుటుంబ చిహ్నాలు, డచ్చి అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. గేటుకు తాళం ఉంటే చుట్టుపక్కలవాళ్లను అడగండి.

రెండో రోజు తెల్లవారుజామునే లేవగలిగితే మంగినపూడి బీచ్‌కి వెళ్లండి, ఊరికి సుమారు 11 కిలోమీటర్లు. విశాఖ తీరం లాంటి తెల్లటి ఇసుక కోసం చూడకండి, ఇక్కడ నేల నల్లటి బంకమట్టి. సూర్యోదయానికి చేరుకుంటే చాలు, ఒక అరగంట నిలబడి వచ్చేయొచ్చు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు ఇక్కడ విపరీతమైన జనం, ఊరికే చూడాలనుకునేవాళ్లు ఆ రోజు వద్దు.

తిరిగి వస్తూ చిలకలపూడిలో ఆగండి. భక్త నరసింహం గారు కట్టించిన పాండురంగస్వామి గుడి ఉంది. మా అమ్మమ్మకు ఆ గుడి అంటే ప్రాణం, ప్రతి ఏకాదశికీ నడిచే వెళ్లేది. చిలకలపూడి పేరు చెబితే ఆంధ్రలో అందరికీ ఇంకొకటి గుర్తొస్తుంది, రోల్డ్ గోల్డ్ నగలు. రాగి లాంటి లోహంమీద పలచగా బంగారం పూత వేసి గాజులు, హారాలు, వడ్డాణాలు, పాపిడి బిళ్లలు చేస్తారు. కొనేటప్పుడు పూత కన్నా ముందు కొక్కాలు, అతుకులు చూడండి, మొదట పాడయ్యేది అవే. గ్యారంటీ అంటే కాగితంమీద రాయించుకోండి, తర్వాత మళ్లీ పూత వేసిస్తారా అని కూడా అడగండి. చెమట, సెంటు తగలకుండా వాడి, దూదిలో చుట్టి పెడితే చాలాకాలం ఉంటాయి.

తిండి సంగతి ఒక్కటే చెబుతాను, బందరు లడ్డు. ఊళ్లో తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండితో పూస వేసి వేయించి, దాన్ని దంచి జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ నెయ్యితో రోట్లో దంచుతారు. ఆ దంచడం వల్లే నోట్లో పెట్టగానే కరుగుతుంది. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు తెచ్చిన విద్య ఇది అంటారు. దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంచదారతో చేసినవీ అమ్ముతారు, బెల్లంది అని అడిగి తీసుకోండి. బయల్దేరే ముందు కొనండి, మొదటి రోజే కొంటే ఇంటికి ఏమీ మిగలదు. ఇంకో పూట సమయం ఉంటే ఘంటసాల బౌద్ధ స్తూపం, మొవ్వ, కూచిపూడి దగ్గరే. ఘంటసాల మ్యూజియంకు శుక్రవారం సెలవు, కాబట్టి శనివారం పెట్టుకోండి.

తిరుగుదారిలో పెడనలో ఆగి, నిన్న చూసి మనసులో పెట్టుకున్నది కొనండి. బిల్లు కట్టాక ఎలా ఉతకాలి అని వాళ్లనే అడగండి, ఒక్కో రంగుకు ఒక్కో జాగ్రత్త చెబుతారు. నాకు ఆ పెద్దాయన చెప్పింది ఇది. మొదటి రెండు సార్లు విడిగా, చల్లటి మామూలు నీళ్లలో జాడించాలి. నానబెట్టకూడదు, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకూడదు. నిమ్మరసం పడితే వెంటనే కడగాలి, లేకపోతే నలుపు వెలిసిపోతుంది. ఆరేసేటప్పుడు నీడలో, తిరగేసి ఆరేయాలి.